దుప్పి చూసిన వైపు

అటవీ కార్యాలయంలో అందరూ ఆమెను జల్లెడక్క అనేవారు. ఆ పేరు పెట్టింది జీపు డ్రైవరు. ఎగతాళిగా పెట్టాడో మెచ్చుకోలుగా పెట్టాడో అతనికే తెలియదు కానీ, పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది. అడవిలో చెట్లకు కట్టిన ట్రాప్ కెమెరాలు పగలనక రాత్రనక తీసి పారేసే ఫోటోలన్నీ ఆమె బల్ల మీదికే వచ్చి పడేవి. ఎదురుగా ఏది కదిలినా క్లిక్కుమనడమే ఆ కెమెరాలకు తెలిసిన విద్య. గాలికి ఊగిన గడ్డి, ఎండకు వేడెక్కిన ఆకు, దారి తప్పిన ఆవు, ఆవు వెనకాల తిట్టుకుంటూ వచ్చే దాని యజమాని, ఎప్పుడో ఒకసారి చిరుత. వీటిలో జంతువుల్ని ఒక పక్కకు, ఖాళీ ఫోటోల్ని ఇంకో పక్కకు తోసి, మనుషుల్ని పూర్తిగా తుడిచెయ్యాలి. అదీ ఆమె ఉద్యోగం.

మనుషుల్ని తుడిచెయ్యడం రూలు. కట్టెలకో, తేనెకో, ఇంట్లో చోటు దొరకని ప్రేమకో అడవిలోకి వెళ్ళిన మనిషి ఫోటో ఎవరి చేతిలోనూ పడకూడదని పెట్టారు. మనిషి కనిపిస్తే అక్కడికక్కడే డిలీట్ చెయ్యాలి. ఒకసారి తీసేశాక దాన్ని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు. ఆ ఆఫీసులో మంచి రూలంటూ ఉంటే అదొక్కటే. చివరికి ఆ మంచి రూలే ఆమె కొంప ముంచింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె అడవి మొహం చూసింది లేదు. ఏ కెమెరా ముందు ఏ చెట్టుందో, ఏ బండ మీద నాచు ఎంతవరకు పాకిందో కళ్ళు మూసుకుని చెప్పేది. సరదాగా ఒకసారి వచ్చి చూడమంటే మాత్రం, "పురుగూ పుట్రా ఉంటాయి, నా వల్ల కాదు బాబూ" అనేది. ఆమె కుర్చీ పక్కన కిటికీ ఉండేది. అందులోంచి కనిపించేది సైకిల్ స్టాండు. అడవికి వెళ్ళే పని తమ్ముడిది.

తమ్ముడంటే నిజానికి కొడుకు లెక్క. అమ్మ పోయేనాటికి వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా చేతకాదు. చంకనేసుకుని పెంచింది, చదువు అబ్బకపోతే నాలుగు తిట్టింది, పెళ్ళి చేసింది, అందరి కాళ్ళావేళ్ళా పడి ఇదే ఆఫీసులో కెమెరాలు కట్టే పనిలో పెట్టించింది. కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగేవాడికి ఆ పని దేవుడిచ్చిన వరంలా కుదిరింది. కెమెరాలు బిగించడం, బ్యాటరీలు మార్చడం, నిండిన కార్డులు తీసుకురావడం. కొంచెం బద్ధకం ఉంది, లేదనడానికి లేదు. బ్యాటరీ ఇవాళ మార్చమంటే వచ్చే వారం మారుస్తాడు.

బ్యాటరీ మార్చాక ఒక పరీక్ష చెయ్యాలి. కెమెరా మూత వేసి, దాని ముందు జంతువు ఎత్తులో నాలుగు కాళ్ళ మీద పాకుతూ వెళ్ళాలి. లోపల ఎర్రదీపం మిణుక్కుమంటే కెమెరా చూసిందని అర్థం. అడవిలో తిరిగే మిగతా వాచర్లు మోకాళ్ళకు మట్టి అంటుతుందని సణుక్కుంటూ, ఎవరూ చూడట్లేదు కదా అని దొంగచూపులు చూస్తూ ఆ పని గబగబా కానిచ్చేసేవారు. తమ్ముడు అలాంటివాడు కాదు. ఆ ఫోటో చూసేది అక్కే, చూసి తీసేసేదీ అక్కే అని వాడికి తెలుసు. లోకంలో ఉన్న ఆ ఒక్క ప్రేక్షకురాలి కోసం వాడు ప్రతిసారీ నాటకం ఆడేవాడు. ఒకరోజు చిరుత, ఒకరోజు ముక్కుతో నేల తవ్వే అడవిపంది, ఒకరోజు బొజ్జ ఈడ్చుకుంటూ నాలుగు కాళ్ళ మీద నడిచే ఆఫీసరుగారు. ఆమె కడుపు పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, డిలీట్ నొక్కేది.

సాయంత్రం వాడు ఆఫీసు వరండాలో బూట్లు దులుపుకుంటూ అడిగేవాడు.

"అక్కా, ఇవాళ ఎన్ని మార్కులు?"

"ఆరు. పంది మెడ అలా తిప్పదురా."

"నువ్వెప్పుడైనా పందిని ఎదురుగా చూశావా?"

"రోజూ చూస్తూనే ఉన్నా. ఇప్పుడూ చూస్తున్నా."

పదికి పది ఆమె ఒక్కసారి కూడా వెయ్యలేదు. ఒకసారి వేస్తే వీడిక ఆపేస్తాడేమోనని లోపల బెంగ. ఆ బెంగ వాడికి చెప్పలేదు.

ఆ ఏడు కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆఫీసరుగారికి ఫోటోల పిచ్చి ఉండేది. ట్రాప్ కెమెరా ఫోటోలకు ఏదో పెద్ద పోటీ ఉందనీ, మన ఆఫీసు నుంచి ఒకటి పంపి తీరాలనీ పట్టుబట్టి కూర్చున్నాడు. పొద్దున్నే వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. మనిషి మంచివాడే. మాట మొదలుపెడితే ఆపడం తెలియదు, అంతే.

ఆమె ఎంతో ముచ్చటపడి దాచిన చిరుత ఫోటో చూపిస్తే పెదవి విరిచాడు.

"ఇది ఫోటో కాదమ్మా, చిరుతకి గుర్తింపు కార్డు. నిలబడింది, చూసింది, వెళ్ళిపోయింది. ఇందులో ఏముంది?"

"కళ్ళు ఎంత స్పష్టంగా ఉన్నాయో చూడండి సార్."

"కన్ను స్పష్టంగా ఉండాల్సిందే, కాదనను. కన్ను మసకైతే మిగతాదంతా దండగ. వెలుతురు పక్కనుంచి పడాలి. కెమెరా దాని కళ్ళ ఎత్తులో ఉండాలి, పైనుంచి చూస్తే ఏనుగైనా చిన్నబోతుంది. తిండి ఎరవేసి పిలిపించుకున్నది కాకూడదు, దాని పనిలో అది ఉండాలి. ఇవన్నీ కుదిరినా చాలదు. దీనికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరగబోతోంది అని చూసేవాడి మనసు పీకాలి. ఒక ప్రశ్న మిగలాలి. అది లేకపోతే ఎంత అందంగా ఉన్నా క్యాలెండరుకే పనికొస్తుంది."

ఆ మాటలు ఆమెకు లోలోపల గుచ్చుకున్నాయి. ఇన్ని ఫోటోలు చూసింది కదా, ఏ ఫోటో ముందైనా ఆమె వేసుకున్న ప్రశ్న ఒకటే: ఇది ఏ జంతువు? పేరు తేలితే చాలు, తరువాతిది. ఆ జంతువు అక్కడ అలా ఎందుకు నిలబడిందో ఆలోచించిన పాపాన పోలేదు. ఆలోచిస్తే సాయంత్రానికి పని తెమలదు మరి.

ఒకరోజు పొద్దున తమ్ముడు అడవిలోకి వెళ్ళాడు. ఆ రోజు గుట్ట మీది కెమెరాలు చూసుకుని, రాత్రికి వాచర్ల గుడిసెలో పడుకుని, మర్నాడు వాగు ఒడ్డున ఉన్న కెమెరాకు బ్యాటరీ మార్చి, వాగు దాటి అవతలి లోయలోవి ముగించుకుని వస్తానని చెప్పాడు. గుడిసెలో ఆ రాత్రి వేరే మనిషి లేడు.

అడవిలో కెమెరాలు చాలావరకు తీసిన ఫోటోలను తమలోనే దాచుకుంటాయి. ఫోన్ సిగ్నల్ అందే ఒకటి రెండు చోట్ల ఉన్నవి మాత్రం తీసిన ఫోటోను అప్పటికప్పుడు ఆఫీసు కంప్యూటరుకు పంపేస్తాయి. వాగు కెమెరా అలాంటిది. దాన్ని అక్కడ కట్టింది తమ్ముడే.

మర్నాడు పొద్దున ఆఫీసరుగారు ఆమె వెనక నిలబడి నక్కల ఫోటోలను చీల్చి చెండాడుతుంటే, వాగు కెమెరా నుంచి వరసగా మూడు ఫోటోలు దిగాయి. మూడింటిలోనూ తమ్ముడే. నేల మీద పాకుతున్నాడు. బరువంతా మోచేతుల మీద వేసి, ఒక కాలు వెనక్కి చాపి ఈడుస్తున్నాడు. ఒళ్ళంతా మట్టి. మూడో ఫోటోలో మొహం తిన్నగా కెమెరాలోకి పెట్టి, నోరు బారెడు తెరిచి, ఒక చెయ్యి పైకెత్తాడు.

ఆమె పకపకా నవ్వేసింది. ఈసారి కుంటి ఎలుగుబంటి వేషం కట్టాడు వెధవ! ఆ ఈడ్చే కాలు ఏమిటి, ఆ వంగిన వెన్ను ఏమిటి, ఆ గర్జన ఏమిటి! పాత చిరుతలూ పందులూ దీని ముందు దిగదుడుపే. సాయంత్రం రానీ, మొదటిసారి పదికి పది వేసి వాడి నోరు మూయిద్దాం అనుకుంది.

"మనిషి కదమ్మా, తీసెయ్," అన్నాడు ఆఫీసరుగారు కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

"మా తమ్ముడే సార్. కెమెరా పరీక్ష చేస్తున్నాడు."

"తమ్ముడైతే మనిషి కాదా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె డిలీట్ నొక్కింది. మళ్ళీ నక్కల దగ్గరికి వెళ్ళారు.

ఆ సాయంత్రం తమ్ముడు రాలేదు. లోయలో పొద్దుపోయి ఉంటుంది, అక్కడే ఎక్కడో ఆగి ఉంటాడని ఎవరూ పట్టించుకోలేదు. తెల్లవారాక మరదలు, అంటే తమ్ముడి భార్య, దువ్వుకోని జుట్టుతో ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది.

"వదినా, ఆయన రాలేదు. ఫోన్ మొన్నటి నుంచీ పలకట్లేదు. నాకేదో భయంగా ఉంది."

అందరిలోకీ వయసులో పెద్దవాడైన పెద్ద వాచర్ మనుషుల్ని పోగుచేశాడు. ఎక్కడ మొదలుపెట్టాలన్న మాట వచ్చింది. గుట్ట దగ్గర మొదలుపెట్టి వాగు మీదుగా వెతుక్కుంటూ పోదామని ఆయన ఉద్దేశం. ఆమె అడ్డుపడింది.

"గుట్టా వాగూ అక్కర్లేదు. నిన్న పొద్దున వాడు వాగు దగ్గర ఉన్నాడు, నా కళ్ళారా చూశాను. హుషారుగా ఉన్నాడు, ఎప్పట్లా వేషాలు వేస్తున్నాడు. అక్కడి పని అయిపోయింది. లోయకే వెళ్ళుంటాడు, లోయలోనే చూడండి."

చూసిన మనిషి చెబుతుంటే కాదనేదెవరు? రెండు జీపులూ చుట్టు రోడ్డు మీదుగా అవతలి లోయకు వెళ్ళిపోయాయి.

ఆ పగలంతా మరదలు ఆఫీసు బల్ల మీద కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. జల్లెడక్క ఆమె వీపు నిమురుతూ ఒకటే మాట చెప్పింది. "హుషారుగా ఉన్నాడే పిల్లా. నేను చూశానుగా. నవ్వొచ్చింది నాకు." ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఆమెకే కాస్త ధైర్యం వచ్చేది. పొద్దుగూకేవేళకు జీపులు ఉత్త చేతులతో తిరిగి వచ్చాయి.

"లోయలో కెమెరాలను ఎవరూ ముట్టుకోలేదమ్మా," అన్నాడు పెద్ద వాచర్. "వాగు దాటేటప్పుడు ఏమైనా..." అని మరదల్ని చూసి మిగతా మాట మింగేశాడు.

మరదలు మింగలేదు. ఆమె ఏడుపుకు సైకిల్ స్టాండు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు. జల్లెడక్కకు ఏడుపు కూడా రాలేదు. గోడకు జారబడి అలాగే కూర్చుండిపోయింది.

మర్నాడు ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. పని చెయ్యాలని కాదు. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేలా ఉంది, చేతులకు ఆ పని తప్ప వేరే తెలియదు. జీపులు వాగు దిగువకు వెళ్ళడానికి సిద్ధమవుతున్నాయి. దిగువకు ఎందుకో అందరికీ తెలుసు, నీళ్ళు కొట్టుకుపోయినవాటిని అక్కడికే చేరుస్తాయి. ఆఫీసరుగారు నిద్రలేని మొహంతో వచ్చి, అలవాటు కొద్దీ ఆమె వెనకే నిలబడ్డాడు. అప్పుడు వాగు కెమెరా నుంచి ఒక ఫోటో దిగింది.

దుప్పి. పొద్దుటి ఎండ పక్కనుంచి పడి దాని వెన్ను మీది వెంట్రుక వెంట్రుకా వెలుగుతోంది. నీళ్ళు తాగుతూ తాగుతూ తల ఎత్తింది. మూతి నుంచి రాలిన బొట్టు ఇంకా నేలను చేరలేదు. ముంగాలు ఒకటి గాలిలో ఆగిపోయింది. చెవులు రెండూ ముందుకు నిక్కబొడుచుకున్నాయి. కన్ను అద్దంలా ఉంది. అది కెమెరా వైపు చూడటం లేదు. ఫోటో అంచు దాటి, ఎడమ పక్కకు, కిందకి, నేల మీదికి చూస్తోంది.

"ఇన్నాళ్ళూ నేను మొత్తుకుంటున్నది ఇలాంటి..." అని ఆఫీసరుగారు సగంలో ఆగి నాలిక కరుచుకున్నాడు. "ఏమనుకోకమ్మా. వేళాపాళా లేకుండా మాట్లాడుతున్నాను."

"ఏంటి సార్?"

"ఏం లేదు. అది దేన్ని చూస్తోందా అని."

ఆమె కూడా చూసింది. మొదటిసారి, ఇది ఏ జంతువు అని కాకుండా, ఎందుకిలా నిలబడింది అని చూసింది. కంటికి ఫోటో కింది నల్ల పట్టీ తగిలింది. ప్రతి ఫోటో కిందా ఆ పట్టీ ఉంటుంది. ఎండ ఎంతుందో, బ్యాటరీ ఎంత మిగిలిందో అందులో పడుతుంది. బ్యాటరీ గుర్తు ఎర్రగా ఉంది. చివరి గీత ఒక్కటే మిగిలింది.

మొన్న కొత్త బ్యాటరీ వేసి ఉంటే అది నిండుగా ఉండాలి. అంటే వాడు బ్యాటరీ మార్చలేదు. మార్చకపోతే పరీక్ష ఉండదు. పరీక్ష లేకపోతే పాకాల్సిన పనేముంది? పరీక్షకైతే కెమెరా ముందు అడ్డంగా పాకుతారు, తిన్నగా దాని మొహంలోకి పాకుతూ వచ్చి నోరు తెరవరు.

వాడు గర్జించలేదు. అరిచాడు. తనను పిలిచాడు.

"సార్, దిగువకు వద్దు!" కుర్చీ వెనక్కి పడిపోయింది. "వాడు వాగు కెమెరా పక్కనే ఉన్నాడు. ఆ దుప్పి వాణ్ణే చూస్తోంది. కదిలితేనే కదా సార్ అది అలా చెవులు నిక్కిస్తుంది? బతికే ఉన్నాడు. పదండి సార్, మీకు దణ్ణం పెడతాను, పదండి!"

జీపు ఆగకముందే ఆమె దూకింది. అడవిలో ఆమె అడుగు పెట్టడం అదే మొదలు. ఫోటోల్లో ఎప్పుడూ వినిపించని కీచురాళ్ళ రొద చెవులు చిల్లులు పొడిచింది. ముళ్ళు చీరను పట్టి లాగాయి. పెద్ద వాచర్ దారి చూపించబోతే ఆగలేదు. వాగు ఒడ్డున నాచుపట్టిన బండ కనపడింది. ఆ బండ తెలుసు, దాని వెనక వంగిన చెట్టు తెలుసు, ఇన్నేళ్ళుగా రోజూ చూసిన చోటు. దుప్పి నిలబడిన తడి ఇసుక మీద గిట్టల గుర్తులున్నాయి. ఆమె వాటి మీదే నిలబడి, ఎడమ పక్కకు, కిందకి చూసింది.

ఒడ్డు కింద రాళ్ళ మధ్య తమ్ముడు పడి ఉన్నాడు. సగం ఒళ్ళు నీళ్ళ అంచున ఉంది. ఒక కాలు మోకాలి పైనుంచి నల్లగా, దుంగలా వాచిపోయింది. ఈగలు ముసురుతున్నాయి. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఆమె వాడి తల ఒళ్ళోకి తీసుకుంటే కళ్ళు తెరిచి, గుర్తుపట్టడానికి చాలాసేపు చూశాడు.

"బ్యాటరీ," అన్నాడు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. "బ్యాటరీ అయిపోయిందక్కా."

ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు. మోకాలి పైదాకా తీసేశారు. ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ చేతి తొడుగులు తీస్తూ అంది. "విరగడం పెద్ద విషయం కాదమ్మా. చీము పట్టింది. మొన్ననే తెచ్చుంటే కాలు నిలబెట్టేవాళ్ళం." అనాల్సిన మాటే అంది పాపం. వినకూడని మనిషికి అది వినపడింది.

తమ్ముడికి తెలివి వచ్చాక జరిగింది చెప్పాడు. గుట్ట మీద కాలు జారి పడ్డాడు. ఫోను రాళ్ళలో ముక్కలైంది. రోడ్డు దూరం, వాగు కెమెరా దగ్గర. రాత్రంతా పాకాడు. వెతుకుతూ వచ్చినవాళ్ళకు దొరికానని వాడి లెక్క, దుప్పి సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. పరామర్శకు వచ్చిన ప్రతివాడికీ అదే కథ చెప్పి, చివర అదే మాట అనేవాడు.

"ఎవర్నీ అనాల్సిన పనిలేదు. నా బద్ధకమే నా కాలు తీసింది. ఆ బ్యాటరీ పోయిన వారమే మార్చాల్సింది. అక్క చూస్తుంది కదా అని ప్రాణాలుగ్గబట్టుకుని అక్కడిదాకా వెళ్ళాను. చచ్చిన కెమెరాకి చేతులూపాను. అక్క చూసుంటే గంటలో మనుషులు వచ్చేవాళ్ళు. రాలేదంటే కెమెరా చచ్చినట్టే కదా?"

ఆమె మంచం పక్కన నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఆ మాటలు వినేది. అవతలి పక్క మరదలు నిలబడేది. 'నిన్న పొద్దున వాగు దగ్గర చూశాను, హుషారుగా ఉన్నాడు' అన్న మాట మరదలు మర్చిపోలేదు. ఆమె వదిన వైపు ఒక్క చూపు చూసి తల దించుకునేది. ఆ చూపు కంటే చెంప మీద కొట్టినా బాగుండేది. ఒకరోజు మందుల గది దగ్గర మాత్రం అడ్డంగా నిలబడింది.

"ఆయన తనను తాను తిట్టుకుని చస్తున్నాడు. మీరు చెబుతారా?"

"చెబుతానే."

"నేను చెప్పను. మీరే చెప్పాలి వదినా."

రేపు చెబుదామనుకుంది. కుట్లు విప్పాక చెబుదామనుకుంది. ఊతకర్రలతో నడక వచ్చాక చెబుదామనుకుంది. వాడు అందరి ముందూ బద్ధకస్థుణ్ణని తల బాదుకుంటుంటే ఆమె నోరు తెరిచేది, చెప్పలేక నీళ్ళ గ్లాసు అందించేది. నిజం చెబితే వాడి మీంచి ఆ తప్పు దిగిపోతుంది. కానీ అక్క చూస్తుంది అన్న నమ్మకం కూడా పోతుంది. ఆ నమ్మకం పట్టుకునే వాడు రాత్రంతా పాకాడు. అది కూడా పోతే వాడికి మిగిలేదేమిటి, తనకు మిగిలేదేమిటి? తిండి సయించలేదు. కళ్ళు మూస్తే ఎత్తిన చెయ్యి కనిపించేది. ఆ ఫోటోలో అన్నీ ఉన్నాయి, ఆఫీసరుగారు చెప్పినవన్నీ. పక్కనుంచి పడ్డ వెలుతురు, కళ్ళ ఎత్తు, స్పష్టమైన కన్ను, ముందేం జరిగింది, తర్వాతేం జరగబోతోంది. ఆ కెమెరా తీసిన వాటిలో అంతకు మించిన ఫోటో లేదు. దాన్ని ఆమె నవ్వుతూ తుడిచేసింది.

ఈలోగా ఆఫీసరుగారు దుప్పి ఫోటోను పోటీకి పంపాడు. వద్దు సార్ అని ఆమె బతిమాలుకుంది.

"అదేంటమ్మా, మీవాడి ప్రాణం నిలబెట్టిన ఫోటో అది!" అన్నాడాయన. తాను తీసెయ్యమన్న మూడు ఫోటోల సంగతి నిజంగా మర్చిపోయాడో, మర్చిపోయినట్టు నటిస్తున్నాడో ఆమెకు తెలియలేదు. ఆమెను మాత్రం ఆయన మునుపటిలా వెనక నిలబడి విసిగించడం మానేశాడు.

దుప్పికి బహుమతి వచ్చింది. ఫోటోను నిలువెత్తున అచ్చువేయించి, చట్రం కట్టించి, ఆమె గదిలోనే ఎదురుగోడకు తగిలించారు. కింది నల్ల పట్టీని అందం చెడుతుందని కత్తిరించేశారు. వచ్చినవాళ్ళంతా దాని ముందు ఆగి, "అబ్బ, ఏం చూస్తోందండీ అది?" అని అడిగేవారు. ఆమె తల తిప్పుకునేది.

కొన్ని నెలలకు తమ్ముడికి అదే గదిలో కుర్చీ పని ఇచ్చారు. అక్క పక్కనే కూర్చుని ఫోటోలు ఏరాలి. మొదటిరోజు ఊతకర్రలు టకటకలాడించుకుంటూ వచ్చాడు. ఇన్ని రోజుల తర్వాత వాడి మొహంలో కాస్త కళ ఉంది.

"జల్లెడక్కకి పక్కన జల్లెడ తమ్ముడు," అంటూ నవ్వబోయి, గోడ మీది ఫోటో చూసి ఆగాడు. కర్రల మీదే వాలి, నాచుపట్టిన బండను చూశాడు, వంగిన చెట్టును చూశాడు.

"వాగు కెమెరా కదూ ఇది? ఎప్పటిది?"

పోయినేడుది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. మరదలి చూపు గుర్తొచ్చింది. చచ్చిన కెమెరాకి చేతులూపానని వాడు తల బాదుకోవడం గుర్తొచ్చింది.

"నువ్వు దొరికిన రోజు పొద్దుటిది," అంది.

తమ్ముడు దుప్పిని అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"అయితే బ్యాటరీ ఉంది."

"ఉంది."

"దేన్ని చూస్తోందది?"

"నిన్నే."

తమ్ముడు ఫోటో ఎడమ అంచు దాకా చూశాడు.

"మరి నా ఫోటో రాలేదా అక్కా?"

"వచ్చింది. మూడు వచ్చాయి."

"చూశావా?"

"చూశాను. కుంటి ఎలుగుబంటి వేషం అనుకున్నాను." ఆమె ఆపలేదు. "నవ్వాను. నవ్వి తీసేశాను. వాగు దగ్గర వెతకొద్దని వాళ్ళకు చెప్పింది కూడా నేనేరా. నీ బద్ధకం కాదు. నేనే. నీ కాలు తీసింది నేనే."

వాడు తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమె ఎదురుచూసింది. వాడు ఫోటో మీంచి కళ్ళు తిప్పి ఆమె మొహంలోకి చూశాడు, వరండాలో బూట్లు దులుపుకుంటూ చూసే చూపే అది.

"ఎన్ని మార్కులు వేశావు?"

ఆమె బల్ల అంచు పట్టుకుంది. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక మిగల్లేదు.

"పదికి పది," అంది.

తమ్ముడు తల ఊపాడు. కర్రలు చంకల్లో సర్దుకుని, మెల్లగా తిరిగి, వచ్చిన దారినే గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. వరండా చివరిదాకా టకటకమనే చప్పుడు వినిపించి ఆగిపోయింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కంప్యూటరులో వాగు దగ్గరి నుంచి కొత్త ఫోటోలు దిగుతున్నాయి.